పటం మీదికెక్కిన మురుగునీరు

(ధ్రువజ్యోతి ఘోష్ స్మృత్యర్థం కోల్‌కతాలోని తెలుగు శ్రోతల ముందు చేసిన స్మారకోపన్యాసం పాఠం)

హావ్‌డా చేపల మార్కెట్లో తెల్లవారుజామున లారీల నుంచి దిగే ఐసు పెట్టెల్లో చాలావాటికి సొంతూరు కొల్లేటి చుట్టుపక్కలే. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి శీలావతి, బొచ్చె చేపలు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడికి వస్తాయి. బయటినుంచి దిగుమతైన ఈ సరుకును కోల్‌కతా వాళ్లు ‘చాలానీ’ అంటారు. అదే నగరంలోని బజార్లకు తూర్పు దిక్కు నుంచి మరో రకం చేప వస్తుంది. అది అల్యూమినియం హండీల్లో, నీళ్లలో, ప్రాణంతో వస్తుంది. దాన్ని మోసుకొచ్చేవాళ్లు చేపకు గాలి అందేలా దారిపొడవునా అరచేత్తో ఆ నీళ్లను కదుపుతూనే ఉంటారు. నగరం వదిలిన మురుగునీటిలోనే పెరిగిన చేప అది.

ఈ రెండు చేపలు పెరిగిన రెండు చిత్తడి నేలలూ ఒకే రోజున, 2002 ఆగస్టు 19న, రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గలవిగా నమోదయ్యాయి. ఒకటి కొల్లేరు. రెండోది తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. కానీ చట్టం ఈ రెండుచోట్లా ఒకే పని చేయలేదు. కోల్‌కతాలో న్యాయస్థానం చేపల చెరువులను పూడ్చవద్దని అడ్డుపడింది. కొల్లేట్లో న్యాయస్థానాల ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఒకే ఒప్పందం నీడలో ఉన్న రెండు నీటి తావుల్లో చెరువు ఒకచోట రక్షణకు నోచుకుని, మరోచోట నేరమెందుకైంది? ధ్రువజ్యోతి ఘోష్ బతుకంతా చేసిన పని తెలిస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఘోష్ 1947లో పుట్టారు, 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. చదువు సివిల్ ఇంజనీరింగు, ఉద్యోగం పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో. 1980ల ఆరంభంలో ప్రభుత్వం ఆయనకు ఒక పని అప్పగించింది: నగరం మురుగునీటిని తిరిగి వాడుకునే మార్గం ఏదైనా ఉందేమో చూడమని. ఇంజనీరు కాబట్టి ఆయన మురుగు కాలువ వెంట నడిచారు. కాలువ నగరం దాటింది, తూర్పుకు తిరిగింది, వందలాది లోతు తక్కువ చెరువుల మధ్య విడిపోయింది. అక్కడ ఆయనకు శుద్ధి యంత్రాలేవీ కనిపించలేదు. వలలు, వెదురు తడికలు, మోకాల్లోతు నీళ్లలో నిలబడిన మనుషులు కనిపించారు. నగరం రోజూ వదిలే దాదాపు 75 కోట్ల లీటర్ల మురుగును శుభ్రం చేస్తున్నది వాళ్లే. ఆ సంగతి ఏ ప్రభుత్వ కాగితం మీదా లేదు.

ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడవలసిందే. చలికాలంలో భేరీని, అంటే చేపల చెరువును, ఎండగడతారు. అడుగు మట్టిని కుళ్లగించి సున్నం చల్లుతారు. తర్వాత తూము తీసి మురుగునీటిని వదులుతారు. అప్పుడు చేపలు వేయరు, వేచి ఉంటారు. నీరు లోతు తక్కువ కాబట్టి ఎండ అడుగుదాకా దిగుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి. వాటికి కావలసిన ప్రాణవాయువును నాచు తయారుచేస్తుంది. ఆ నాచును చేపలు తింటాయి. నలుపు రంగు నీరు మెల్లగా పచ్చబడుతుంది. ఎప్పుడు చేపపిల్లలను వదలాలో, ఎప్పుడు మళ్లీ కొంచెం మురుగు పట్టాలో రైతు రంగునూ వాసననూ చూసి చెబుతాడు. మనవైపు చెరువులను పాడుచేసే పీడగా తిట్టుకునే గుర్రపుడెక్కను ఇక్కడ గట్టు పొడవునా వెదురు కట్టి నిలబెడతారు. అది అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాపాడుతుంది, నీటిలోని లోహాలనూ కొంత పీల్చుకుంటుంది. ఏటా 10 వేల టన్నులకు అటూ ఇటూగా చేప, పక్కనే ధాపాలో నగరం చెత్త మీద పండే కూరగాయలు, దిగువన అదే నీటితో వరి. కోల్‌కతా చవకగా బతకగలిగే నగరం కావడానికి ఇదొక ముఖ్య కారణమని ఘోష్ జీవితాంతం చెప్పారు. ప్రకృతి రాయితీ మీద నడుస్తున్న నగరమన్నది ఆయన మాట.

ఇదంతా అనాదిగా ఉన్నది కూడా కాదు. ఒకప్పుడు ఇక్కడివి ఉప్పునీటి బిలాలు, అంటే పల్లపు మడుగులు. విద్యాధరి నది సముద్రపు పోటునీటిని ఇక్కడిదాకా మోసుకొచ్చేది. నది పూడిపోయి 1928లో దాన్ని మృతనదిగా ప్రకటించారు. ఉప్పునీరు ఆగిపోయిన చోట జాలర్లు మురుగునీటితో చేపలు పెంచడం నేర్చుకున్నారు. 1940లలో ఇంజనీరు బి.ఎన్. డే పథకం ప్రకారం నగరం మురుగును కుల్టీ నది వైపు మోసుకుపోయే కాలువలు తవ్వారు. ఆ కాలువల్లో నీటిమట్టం కాస్త పైకి ఉండడంతో, పంపులతో పని లేకుండా పల్లానికి పారే నీటి గుణం మీదే భేరీలు నిండాయి. చచ్చిపోయిన నది ఒడ్డున, చదువుకోని మనుషులు కట్టిన శుద్ధి కేంద్రం ఇది.

దీనికి తగిన గౌరవం దక్కకపోగా, నగరానికి ఆ నేల మీద కన్నుపడింది. 1962లో గంగ ఇసుకను గొట్టాల్లో తెచ్చి ఉత్తరపు బిలాలను పూడ్చడం మొదలుపెట్టారు. సాల్ట్ లేక్ అనే బిధాన్‌నగర్ అలా పుట్టింది. 1980ల చివరికి మిగిలిన నేల మీదికీ ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో ప్రపంచ వాణిజ్య కేంద్రం ఒకటి. అప్పటి ముఖ్యమంత్రి జ్యోతి బసును ఘోష్ భేరీల దగ్గరికి తీసుకెళ్లి, చివరి చెరువులోని నీటిని గ్లాసుతో ముంచి ఆయన ముందే తాగారన్న కథ ఈ నగరంలో చాలామందికి తెలుసు. సర్కారీ ఇంజనీరు ఒకరు తన శాఖాధిపతులకు నచ్చజెప్పడానికి అంతకంటే గట్టి నోట్ రాయలేరు. కానీ గ్లాసుడు నీళ్లు చట్టం కాలేవు. ముఖ్యమంత్రులు మారతారు, మనసులు మారతాయి. ఘోష్ అది గ్రహించి మరో పని కూడా చేశారు. పటం గీశారు.

ఈ పటం దగ్గర కాసేపు ఆగాలి. ఏ చెరువు ఎక్కడుంది, ఏ కాలువ దేన్ని తడుపుతుంది, మురుగు ఆధారంగా బతికే నేల సరిహద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది ఆయనా ఆయన బృందమూ ఊరూరూ తిరిగి గుర్తించారు. దాదాపు 12,500 హెక్టార్లు. 37 మౌజాలు, అంటే రెవెన్యూ గ్రామాలు. అప్పటిదాకా ఆ నేలంతటికీ కలిపి ఒకే పేరంటూ లేదు. ఎవరికి వాళ్లు ధాపా అనీ, బాదా అనీ, సాల్ట్ లేక్ అవతల అనీ చెప్పుకునేవారు. ‘తూర్పు కలకత్తా చిత్తడి నేలలు’ అన్న పేరు పటంతోపాటే వచ్చింది. పేరు, హద్దు ఉన్నదాన్నే కోర్టు కాపాడగలదు. ఎల్లలు లేనిదాని మీద ఇంజంక్షన్ ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

‘పబ్లిక్’ అని పొట్టిగా పిలుచుకునే పీపుల్ యునైటెడ్ ఫర్ బెటర్ లివింగ్ ఇన్ కలకత్తా అనే పౌరసంఘం 1992లో కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ఆ పటాలే అక్కడ ఆధారమయ్యాయి. ప్రభుత్వం మీద వేసిన కేసులో ప్రభుత్వోద్యోగి చేసిన పని సాక్ష్యంగా నిలిచింది. ఆ ఉద్యోగికి అది ఎంత ఇరకాటమో ఊహించవచ్చు. 1992 సెప్టెంబరు 24న జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ తీర్పు చెప్పారు. అభివృద్ధి వద్దని ఆయన అనలేదు. అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య పొంతన ఉండాలన్నారు, చిత్తడి నేల సమాజానికి చేసే మేలును లెక్కలోకి తీసుకున్నారు, ఆ హద్దుల్లో ఇక నేల పూడ్చవద్దని, వినియోగం మార్చవద్దని ప్రభుత్వాన్ని కట్టడి చేశారు. రామ్‌సర్ గుర్తింపు రావడానికి పదేళ్ల ముందు, దేశంలో చిత్తడి నేలల నిబంధనలంటూ ఏవీ లేని రోజుల్లో వచ్చిన తీర్పు అది.

తర్వాతి ఏడాది రాష్ట్ర శాసనసభ లోతట్టు మత్స్య చట్టాన్ని సవరించింది. 5 కఠాలు, ఆపైన ఉన్న ఏ నీటి తావునూ పూడ్చరాదని అందులో రాసింది. 5 కఠాలంటే మన లెక్కలో 400 గజాలు. వీధి చివరి చిన్న కుంటకు కూడా చట్టంలో చోటు దొరికిందన్నమాట. హైదరాబాదులో చెరువుల శిఖం భూములు కళ్లముందే మాయమైన తీరు చూసినవాళ్లకు ఈ ఒక్క వాక్యం విలువ ఎవరూ వివరించనక్కర్లేదు. ఇక్కడా రాత్రికి రాత్రి కుంటలు పూడుస్తూనే ఉన్నారు. కానీ ఫిర్యాదు చేయదలచినవాడికి చేతిలో ఒక సెక్షన్ ఉంది. 2006లో చిత్తడి నేలల కోసమే ప్రత్యేక చట్టం వచ్చింది, నిర్వహణ సంస్థ వచ్చింది, ఏ మౌజాలో ఏ దాగు (సర్వే నంబరు) ఏ రకం నేలో షెడ్యూలు వచ్చింది.

ఇక్కడే ఈ పోరాటంలోని లోపాన్నీ చెప్పుకోవాలి. ఆ షెడ్యూలు నేలను కాపాడింది, నీటిని కాపాడలేదు. భేరీ అంటే నేల మాత్రమే కాదు. దానిలోకి వచ్చే మురుగు, దాన్ని మోసుకొచ్చే కాలువ, ఆ కాలువలో పల్లానికి పారేటంత నీటిమట్టం, తూము తీయడం తెలిసిన మనిషి కూడా భేరీలో భాగమే. మురుగు కాలువ మీది బంటాలా లాకుల దగ్గర గేట్లు ఎంత ఎత్తాలన్నది నగరం ముంపు తప్పించుకోవాలన్న ఆత్రం మీద ఆధారపడితే, కాలువ మట్టం పడిపోతుంది. భేరీకి మురుగు అందదు, లేదా డీజిలు ఖర్చుపెట్టి పంపు చేసుకోవాలి. కాలువలు పూడుకుపోయాయి, చెరువుల అడుగు మేట వేసింది. ఆదాయం లేని భేరీ ఎండిపోతుంది. ఎండిపోయిన భేరీని దళారీ చూస్తాడు. అది చిత్తడి నేల కాదు, ఎప్పటినుంచో ఎండు నేలేనని వాదించడం అప్పుడతనికి తేలిక. ఒక్క పార మట్టి పోయకుండానే చెరువును చంపే పద్ధతి ఇది. ఇటీవల హైకోర్టు ముందుకు వచ్చిన వందలాది అక్రమ కట్టడాల వెనక ఈ నెమ్మది ఎండబెట్టడం ఉంది.

ఇప్పుడు కొల్లేరు దగ్గరికి వెళ్దాం. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల వరదను పట్టి ఉంచుకుని ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి మెల్లగా వదలడం కొల్లేటి పని. 1970లలో వడ్డి జాలర్లకూ దళితులకూ సొసైటీలు పెట్టి చేపల చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత ఆ చెరువులు లీజుల పేరుతో చేతులు మారాయి, గట్లు పెరిగాయి, వందల ఎకరాల చెరువులు సరస్సు గర్భంలోకి నడిచొచ్చాయి. గట్లు వరద దారిని కట్టేశాయి. మేత, ఎరువు, మందులు కలిసిన చెరువు నీరు సరస్సులోకే పోయింది. 1999లో ప్లస్ 5 కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో కొట్టేశారు. కోల్‌కతాలో చెరువు నీటిని శుద్ధి చేసి దారి చూపుతోంది, కొల్లేట్లో చెరువు నీటిని మురికి చేసి దారి మూసింది. అందుకే రెండు చోట్లా చట్టం వేర్వేరు పని చేయడం న్యాయమే. ‘చేపల చెరువు మంచిదా చెడ్డదా’ అన్న ప్రశ్నకు నీరు ఎటు పారుతుందో తెలియకుండా కోర్టు గానీ శాసనసభ గానీ జవాబు చెప్పలేదు.

కానీ కొల్లేట్లో ఒక అన్యాయం జరిగింది. లాభం తిన్నవాళ్లు వేరు, గట్టు తెగినప్పుడు కూడు పోయినవాళ్లు వేరు. ప్రభుత్వమే సొసైటీ పెట్టించి చెరువు చేతికిచ్చిన కుటుంబం కూడా ఆక్రమణదారు జాబితాలోనే చేరింది. ఆ కోపం మీదే ప్లస్ 3 కాంటూరుకు అభయారణ్యాన్ని కుదించాలన్న డిమాండు పెరిగి, 2008లో శాసనసభ తీర్మానం దాకా వెళ్లింది. ఈ డిమాండును పరిశీలించిన అజీజ్ కమిటీ ప్లస్ 5నే ఉంచాలని చెప్పింది. వివాదం ఇంకా సుప్రీంకోర్టు ముందే ఉంది. ఘోష్ భేరీ జాలర్లను కాపలాదారులుగా చూపించారు. కొల్లేటి వడ్డి జాలర్లను అలా చూపించే పటం ఎవరూ గీయలేదు. పక్షులకు హద్దు గీశాం, సంప్రదాయంగా మావులనే బోనుల్లో చేపపట్టి బతికే మనిషికి గీయలేదు.

పర్యావరణ న్యాయంలో తెలుగు నేల వాటా తక్కువేమీ కాదు. ఈ ఊళ్లో దాన్ని గుర్తుచేయడానికి మంచి కారణమే ఉంది. 1987లో, టి. దామోదర్ రావు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఒక గట్టి తీర్పిచ్చారు. హైదరాబాదు అభివృద్ధి ప్రణాళికలో వినోద ఉద్యానానికి గుర్తించిన నేల మీద జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టబోయాయి. అక్కడా ఆధారం పటమే, దాని మీది ఆకుపచ్చ రంగే. పర్యావరణాన్ని పాడుచేయడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును హరించడమేనని ఆయన తేల్చారు. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కాలుష్యం లేని గాలి, నీరు జీవించే హక్కులో భాగమని చెప్పడానికి నాలుగేళ్ల ముందు మాట ఇది.

జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల పరీవాహకంలో ఒక నూనెల పరిశ్రమకు అనుమతి విషయమై 1999లో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు రెండోది. కాలుష్యం రాదని నిరూపించవలసిన భారం పరిశ్రమ పెట్టేవాడిదేనని ఆ తీర్పు వివరంగా చెప్పింది. తాగునీరు పాడయ్యాక సాక్ష్యం తెమ్మని జనాన్ని అడగడం కాదు, ముందే పరిశ్రమను అడగాలి. ఇలాంటి కేసుల్లో శాస్త్రం తేల్చవలసిన ప్రశ్నలు మామూలు జడ్జీల ముందుకు వస్తున్నాయి, కాబట్టి శాస్త్రవేత్తలూ కూర్చునే ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని కూడా ఆయన అన్నారు. అన్నవారే లా కమిషన్ అధ్యక్షులై 2003లో తమ 186వ నివేదికలో ఆ న్యాయస్థానాల నమూనా రాసిచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. దాని తూర్పు ధర్మాసనం 2014 నుంచి ఈ కోల్‌కతాలోనే కూర్చుంటోంది. భేరీల మీద కట్టిన ప్లాస్టిక్ గోదాముల మీద, రవీంద్ర సరోవర్‌లో పండగ వ్యర్థాల మీద ఇవాళ ఇక్కడి పౌరుడు తలుపు తట్టగలుగుతున్న ఆ గదికి పునాది వేసిన ఆలోచనల్లో ఒక తెలుగు న్యాయమూర్తిది ముఖ్యమైనది.

గాలి సంగతికి వస్తే, కలకత్తా చట్టాలు ఇంకా పాతవి. పొగ మీద 1863లోనే ఇక్కడ చట్టం చేశారు. 1905లో బెంగాల్ పొగ నియంత్రణ చట్టం వచ్చింది, కమిషన్ వచ్చింది, పొగ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. తెలుపు నుంచి నలుపు దాకా గీతల ఛాయలు ముద్రించిన రింగెల్‌మన్ కార్డును కంటి ముందు పట్టుకుని, మిల్లు గొట్టం పొగ ఏ ఛాయకు సరిపోతుందో చూసి నమోదు చేసేవారు. పొగకు కూడా కొలత కావాలని అప్పుడే తెలుసు వాళ్లకు. కానీ ఆ చట్టం కళ్లు గొట్టాల మీదే ఉన్నాయి. బస్తీల్లో, వంటిళ్లలో బొగ్గు పొయ్యిల ముందు కూర్చున్న ఆడవాళ్ల ఊపిరితిత్తులు ఆ లెక్కలోకి రాలేదు.

వందేళ్ల తర్వాత హావ్‌డాకు చెందిన సుభాష్ దత్తా, వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్, కోర్టుల్లో తన వాదన తానే వినిపించుకుంటూ వాహనాల పొగ మీద పోరాడారు. ఆ రోజుల్లో ఇక్కడి ఆటోలు ‘కాటా తేల్’ మీద నడిచేవి. కిరోసిన్, నాఫ్తా లాంటివి కలిపి రోడ్డు పక్క డబ్బాల్లో అమ్మే కల్తీ ఇంధనమది. వెనక నడిచేవాళ్ల కళ్లు మండేవి. 2008 జులైలో కలకత్తా హైకోర్టు 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను నగరం రోడ్ల నుంచి తప్పించాలని, టూ స్ట్రోక్ ఆటోలు పోయి ఎల్‌పీజీతో నడిచే ఫోర్ స్ట్రోక్ ఆటోలు రావాలని ఆదేశించింది. సంఘాలు వీధికెక్కాయి, గడువు పొడిగించారు. చివరికి 2009 జులై ఆఖరున పాత బస్సులు, టాక్సీలు ఆగాయి. ఇవాళ కోల్‌కతా వీధుల్లో తిరిగే ఆకుపచ్చ ఆటో వెనక ఒక దరఖాస్తుదారుడి ఓపిక ఉంది.

తోళ్ల శుద్ధి కేసులో ఫలితం అంత నేరుగా రాలేదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన గంగా కాలుష్య వ్యాజ్యంలో భాగంగా 1996 డిసెంబరు 19న సుప్రీంకోర్టు టాంగ్రా, తిల్‌జలా, తోప్సియా, పగ్లాడాంగాల్లోని దాదాపు 550 తోళ్ల కార్ఖానాలను నగరం బయటికి తరలించమంది. టాంగ్రాలో వాటిని నడిపినవాళ్లలో చాలామంది హక్కా చైనీయులు. కార్మికుల జీతాలకు, ఉద్యోగాలకు కూడా తీర్పు రక్షణ రాసింది. అది మెచ్చుకోవలసిన విషయం. అయితే తరలింపు చోటు బంటాలా, అంటే చిత్తడి నేలల అంచు. క్రోమియం కలిసిన నీటిని ఉమ్మడి శుద్ధి కేంద్రం సరిగా పట్టుకోకపోతే దాని దారి చేపల చెరువుల పక్క కాలువే. టాంగ్రా ముక్కుకు ఊరట దొరికింది, కానీ బంటాలా రైతుకు కొత్త భయం వచ్చింది. తరలించమన్న ఆదేశంలో, ఎక్కడికి తరలిస్తున్నామో అక్కడి పటాన్ని కూడా ఎదురుగా పెట్టుకుని చూడాలన్నది దీన్నుంచి నేర్చుకోవలసింది.

విద్యుత్తు దగ్గర ఇదే కథ మన శ్రీకాకుళంలో నెత్తురుతో రాయబడింది. సోంపేట బీల ఒక చిత్తడి నేల. దాని నీటి మీద వరి పండుతుంది, జాలర్లు బతుకుతారు. థర్మల్ విద్యుత్ కేంద్రం కాగితాల్లో అది పనికిరాని బీడు నేలగా కనిపించింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో రైతులు చనిపోయారు. అప్పుడే, ఆ కాల్పుల వార్త చల్లారకముందే, ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ అప్పీలు వెనక కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారి శ్రమ ఉంది. నేల స్వభావం తప్పుగా రాసిన ఒక్క కాగితాన్ని సరిదిద్దే ఆదేశం కొన్ని వారాల ముందు వచ్చి ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవి. ఏడు నెలలకే కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం దగ్గర, మరో చిత్తడి నేల పక్కన, మళ్లీ కాల్పులు జరిగాయి.

వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణాల్లోనే ఉందని 2024లో రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సౌర విద్యుత్ తీగలకు, అంతరించిపోతున్న బట్టమేక పిట్టకు మధ్య తగువులో వచ్చిన తీర్పది. అంటే స్వచ్ఛ విద్యుత్తు కూడా నేలను చూడకుండా నడవలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, 1873లో మొదలైన ట్రామును మైదానం దారిలో ఒక్క ముక్క తప్ప ఆపేస్తామని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చెప్పింది. పొగ వదలని, కరెంటుతో నడిచే, అతి చవకైన బండి అది. దాని పట్టాల మీద తారు పోయవద్దని హైకోర్టు అనవలసి వచ్చింది.

ఈ మధ్య చట్టాల దిశ మారింది. 2023లో జన్ విశ్వాస్ చట్టం, 2024లో జల చట్టం సవరణ వచ్చి, గాలి, నీటి చట్టాల కింద చాలా నేరాలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టాయి. జైలు ఉన్న రోజుల్లో శిక్ష పడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతే, కాబట్టి జరిమానా నయం అనేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ పెద్ద కర్మాగారానికి 15 లక్షలు నెల ఖర్చుల్లో కలిసిపోయే మొత్తం. పైగా జరిమానా వేసేది అధికారి, న్యాయమూర్తి కాదు. కాలుష్య నియంత్రణ మండళ్లలో ఖాళీ కుర్చీలు నిండకుండా ఈ పద్ధతి పనిచేస్తుందని నమ్మడం కష్టం.

2022 సెప్టెంబరులో హరిత ట్రిబ్యునల్ పశ్చిమ బెంగాల్ మీద 3,500 కోట్ల రూపాయల పరిహారం వేసింది. రాష్ట్ర పట్టణాల్లో రోజూ 275 కోట్ల లీటర్లకు పైగా మురుగు పుడుతుంటే, శుద్ధి అవుతున్నది 127 కోట్ల లీటర్లకు దగ్గర్లో ఉందని లెక్క. మరుసటి నెలలోనే తెలంగాణ మీద దాదాపు 3,800 కోట్లు వేసింది. మూసీ ఒడ్డున ముక్కు మూసుకుని నిలబడ్డవాళ్లకు ఆ అంకె పెద్దదిగా అనిపించదు. ఈ డబ్బును విడిగా ఒక ఖాతాలో ఉంచి మురుగు, చెత్త శుద్ధికే ఖర్చుపెట్టాలని ఆదేశం. ఇంజనీర్లు సహజంగా కాంక్రీటు శుద్ధి కేంద్రాల వైపే చూస్తారు. వాటికి కరెంటు కావాలి, నిర్వహణ కావాలి, దేశంలో చాలాచోట్ల అవి కట్టిన కొన్నేళ్లకే మూతపడ్డాయి. టీటాగఢ్, పానిహాటి, బాలీల్లో గంగా కార్యాచరణ పథకం కింద ఘోష్ చెరువులతోనే తక్కువ ఖర్చుతో శుద్ధి చేసి చూపించారు.

కాబట్టి ఇప్పుడు తూర్పు ధర్మాసనం ముందు పెట్టవలసిన దరఖాస్తు సంగతి స్పష్టమే. ఆ ఖాతాలోంచి మురుగు కాలువల పూడిక తీయడానికి, భేరీల మేట తొలగించడానికి ఎంత వెచ్చిస్తారు? బంటాలా గేట్ల దగ్గర భేరీలకు నీరు పారేటంత మట్టం ఏ నెలల్లో ఉంచుతారు, దాన్ని రోజూ నమోదు చేసేదెవరు? 2006 చట్టం షెడ్యూలులో నేల దాగు నంబరు పక్కన ఆ దాగుకు రావలసిన మురుగు వాటా, అది వచ్చే కాలువ పేరు చేర్చడానికి శాసనసభలో సవరణ ఎప్పుడు ప్రవేశపెడతారు? నిర్వహణ సంస్థలో అధికారుల పక్కన తూము తీసే జాలరికి ఎన్ని కుర్చీలు? ఏలూరు జిల్లా వాళ్లు వేయవలసిన దరఖాస్తు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. దాని మొదటి పేజీలో ఉప్పుటేరు పూడిక, రెండో పేజీలో గట్టు తెగి కూడు పోయిన వడ్డి కుటుంబాల పేర్లు ఉండాలి.